డిఫెండర్‌ని ఫార్వర్డ్‌గా దింపి గోల్డ్ కొట్టారు.. ఎవరీ రహీం సాబ్?

1962 సెప్టెంబర్ 4. జకార్తా సెనయాన్ స్టేడియం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఎదురుగా సౌత్ కొరియా.. అదే టోర్నీ ఫస్ట్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన టీమ్. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వలేదని మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియంలో మనకు చప్పట్లు కొట్టేవాళ్లే తక్కువ. పైగా మన మెయిన్ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు.

వేరే కోచ్ అయితే ఏం చేసేవాడు? జర్నైల్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టేవాడు. మన కోచ్ మాత్రం సెమీస్‌లో చేసిన పనే మళ్లీ చేశారు. గాయపడ్డ డిఫెండర్‌ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఆ కోచ్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదీ.

ఉత్తరాంధ్రలో ఆటలంటే కోడి రామ్మూర్తి నాయుడు కుస్తీ, విజ్జీ క్రికెట్, ఆమదాలవలస కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్.. ఈ పేర్లే ముందు గుర్తొస్తాయి. ఫుట్‌బాల్ అంటే పెద్దగా ఎవరూ తట్టరు. అయినా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో స్కూల్ గ్రౌండ్‌లో పిల్లల టీమ్‌ను నడిపే మాస్టార్లకు రహీం కథ బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఆయన కూడా బడి మాస్టారే. ఆయన చేతిలో ఉన్నది కూడా జీతం కోసం వేరే పని చేసుకునే కుర్రాళ్లే.

1909లో పుట్టారు. ఉస్మానియాలో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ పగ్గాలు పట్టారు. పేరుకు తగ్గట్టే అది పోలీసోళ్ల టీమ్. కానీ 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ని వరుసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది! 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌నే ఓడించింది. రాష్ట్రం ఏర్పడ్డాక ఇదే టీమ్ ఆంధ్రా పోలీస్ అయింది. 1961లో ఆ పేరుతో కూడా డ్యూరాండ్ గెలిచింది.

ఇదంతా ఎలా సాధ్యమైంది? అసలు విషయం ప్రాక్టీస్‌లో ఉంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు గ్రౌండ్‌లో దొరికే టైమ్ తక్కువ. ఆ టైమ్‌లో ఉపన్యాసాలిస్తే ఏం లాభం? అందుకే రహీం రూల్సే మార్చేశారు. డ్రిబ్లింగ్ చేయకూడదంటూ ఒక టోర్నమెంట్ పెట్టారు. అక్కడ బాల్ వచ్చిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో దాంట్లో బలం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. చూసేవాళ్లకు నవ్వొచ్చి ఉంటుంది. కానీ ఆలోచించండి.. పాస్ ఇవ్వరా అని కుర్రాడికి వందసార్లు అరిచి చెప్పడం కంటే, పాస్ ఇస్తే తప్ప ఆట సాగని రూల్ పెట్టడమే తేలిక కదా! పైసా ఖర్చు లేదు. ఏ ఊరి గ్రౌండ్‌లోనైనా రేపే పెట్టుకోవచ్చు.

కుర్రాళ్లను వెతికి పట్టుకోవడంలోనూ అంతే. సికింద్రాబాద్ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు ఉండేవాడు. ప్రాక్టీస్‌కి రావడానికి సైకిల్ కూడా లేదు. రహీం అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి రప్పించారు. ఆ బలరామే తర్వాత దేశంలో గొప్ప ఫార్వర్డ్స్‌లో ఒకడయ్యాడు.

అన్నీ గెలుపులే అనుకోవద్దు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో గోల్డ్ వచ్చింది, నిజమే. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. ఇంత ఘోరంగా ఓడితే చాలామంది దులుపుకుని పోతారు. రహీం మాత్రం అక్కడ గోల్డ్ గెలిచిన హంగరీ ఆట మీద కన్నేశారు. సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందే నిలబడకుండా కాస్త వెనక్కి వచ్చి ఆడే పద్ధతిని మనవాళ్లకూ నేర్పారు. ఆ ఓటమి తర్వాతే మన దగ్గర బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లు తిరిగాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. సొంతగడ్డ మీద ఆస్ట్రేలియాను 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా అడ్డుపడింది. ఈసారి 4-1.. పది గోల్స్ తిన్న చోట నాలుగు. కాంస్యం మ్యాచ్ బల్గేరియాకి పోయింది.

ఇక జకార్తాకి వద్దాం. అప్పటికే రహీంకి ఊపిరితిత్తుల క్యాన్సర్. తనకు ఒక కానుక కావాలని ఫైనల్ ముందు ఆటగాళ్లను అడిగారని, అది బంగారు పతకమేనని వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. జర్నైల్‌ని ముందుకు పంపడం కూడా మొండి ధైర్యం కాదు. అతను పొడగరి, బలవంతుడు. గోల్ ముందు గాల్లోకి వచ్చే బాల్‌కి ఎదురెళ్లగలడు. వెనక డిఫెన్స్ భారం అరుణ్ ఘోష్ లాంటివాళ్లు మోశారు. గోల్‌లో ఫ్లూ నుంచి కోలుకున్న పొడవాటి తంగరాజ్ నిలబడ్డాడు.

ఫలితం? మొదటి 20 నిమిషాల్లోనే రెండు గోల్స్. ఒకటి పీకే బెనర్జీది, రెండోది తలకు కుట్లున్న ఆ జర్నైల్‌దే! చివర్లో కొరియా ఒక గోల్ వేసింది. 2-1తో గోల్డ్ మనదే.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలవ్వలేదు. 2024లో అజయ్ దేవ్‌గణ్ మైదాన్ సినిమా వచ్చాక ఈ పేరు కొత్త తరానికి తెలిసింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకి ఆ తర్వాత వచ్చింది 1970 బ్యాంకాక్ కాంస్యం ఒక్కటే. గోల్డ్ మళ్లీ రాలేదు.