సౌందర్య

కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతపు కుటుంబంలో పుట్టిన సౌమ్య వైద్యవిద్యను మధ్యలోనే విడిచి, సౌందర్యగా వెండితెర నెక్కారు. ‘అమ్మోరు’, ‘పవిత్రబంధం’, ‘అంతఃపురం’ చిత్రాలతో తెలుగువారికి ఆడపడుచయ్యారు. అయితే ఆమె అసలు సాహసం స్వయంగా నిర్మించిన కన్నడ చిత్రం ‘ద్వీప’. ఆనకట్ట నీట మునిగే నేలను విడువని నాగి పాత్ర ఆమెదే. అది ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికై కరీంనగర్ వెళ్లుటకు, సోదరుడు అమరనాథ్‌తో కలిసి జక్కూరులో చిన్న సెస్నా విమాన మెక్కారు. వైమానిక శిక్షణకు పేరొందిన ఆ మైదానం బెంగుళూరు నుండి పెనుకొండ మీదుగా సాగే రహదారి చెంతనే ఉంది. నేల విడిచిన కొద్ది క్షణాలకే విమానం వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో కూలి మంటల పాలైంది. పైకి లేచే వేళ ఎత్తు స్వల్పం. ఏ లోపం తలెత్తినా సర్దుకొనే వ్యవధి చోదకునికి చిక్కదు. నలుగురిలో ఒక్కరూ మిగలలేదు. ఆమె నటించిన ‘ఆప్తమిత్ర’ ఆ ఏడాదే విడుదలై కన్నడనాట ఘనవిజయం సాధించింది.