భయంతోనే పట్టా పొందిన విద్యార్థి: క్లిఫర్డ్ బీర్స్

శరీరానికి జ్వరం వస్తే నలుగురితో చెప్పుకొంటాము. మనస్సుకు జబ్బు చేస్తే దాచుకొంటాము. ఆ దాపరికం వల్లనే చదువు మధ్యలో మానుకొన్న విద్యార్థులు ఎందరో ఉన్నారు. మానసిక వ్యాధితో బాధపడుతూనే చదువు ముగించి, తరువాత లోకానికి ఉపకారం చేసిన క్లిఫర్డ్ విటింగ్‌హామ్ బీర్స్ జీవితం అందువల్ల మనమందరం తెలుసుకోదగినది.

బీర్స్ 1876 మార్చి 30వ తేదీన అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో జన్మించారు. 1894లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షెఫీల్డ్ సైంటిఫిక్ స్కూలులో చేరారు. ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్రాలు బోధించే విద్యాలయం అది. ఆ సంవత్సరమే ఆయన అన్నగారికి జబ్బు చేసింది. అది మూర్ఛవ్యాధి అని అందరూ భావించారు. ఆరోగ్యంగా తిరిగిన అన్నకు వచ్చినది తనకు మాత్రం ఎందుకు రాదన్న శంక తమ్ముని మనస్సులో నాటుకొన్నది. ఆయనకు మూర్ఛ ఎన్నడూ రాలేదు. ఆ భయం మాత్రం ఆరేండ్లు వదలలేదు.

1895 నవంబరులో జర్మన్ భాషా తరగతిలో ఉండగా ఆ భయం ఆయనను పూర్తిగా లొంగదీసుకొన్నది. లేచి బయటకు వెళ్ళే ధైర్యం సైతం చాలక, తరగతి ముగిసేవరకు కొయ్యబారి కూర్చున్నారు. ఆ టర్ములో మరల తరగతులకు వెళ్ళలేదు. అయినా పుస్తకం విడువలేదు. ఇంటివద్దనే చదివి, పరీక్షలలో నెగ్గి, జనవరిలో తిరిగి తరగతిలో కూర్చున్నారు.

తన స్థితిని, దాని కారణాన్ని ఆయన ఆచార్యులకు విన్నవించుకొన్నారు. వారు ఆదరించారు. పాఠం ఎంత బాగా వచ్చినా, పేరు పిలవగానే ఆయనకు నోట మాట వచ్చేది కాదు. అందుచేత కొన్ని తరగతులలో ఆయనను ప్రశ్నించడమే మానుకొన్నారు. తక్కిన విద్యార్థులకు అన్యాయం జరుగరాదని అప్పుడప్పుడు పట్టుబట్టి పాఠం అప్పగింపించుకొన్నవారూ ఉన్నారు. వారాల తరబడి మార్కుల పట్టికలో ఆయన పేరుకు ఎదురుగా సున్నాలు, ఖాళీలే ఉండేవి. ఆ స్థితిలోనే విద్యార్థుల హాస్యపత్రికకు సంపాదకులలో ఒకరయ్యారు. దాని వ్యాపార నిర్వహణ చూశారు. 1897లో, నిర్ణీత కాలంలోనే, పట్టా పుచ్చుకొన్నారు.

పట్టాతో వ్యాధి తీరలేదు. 1900లో ప్రాణం తీసుకోబోయి గాయాలతో బ్రతికారు. తరువాత మూడేండ్లు కనెక్టికట్ రాష్ట్రంలోని మూడు మానసిక చికిత్సాలయాలలో గడిపారు. అక్కడ దెబ్బలు తిన్నారు. చేతులు కదలనీయని అంగీలో బంధింపబడ్డారు. 1903లో బయటకు వచ్చి, తన అనుభవాలను 1908లో గ్రంథంగా ప్రకటించారు. తత్త్వవేత్త విలియం జేమ్స్ దానిని మెచ్చుకొన్నారు. ఆ సంవత్సరం కనెక్టికట్‌లోను, 1909లో దేశమంతటికీ, మానసిక ఆరోగ్య సంఘాలు ఆయన కృషితో వెలిశాయి. 1930లో వాషింగ్టన్‌లో మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. 1939లో ఆయన తానుగానే ఆసుపత్రిలో చేరారు. 1943 జూలై 9న అక్కడనే కన్నుమూశారు.

కొత్తపల్లె నుండి నంద్యాలకో, ఆళ్లగడ్డకో వృత్తివిద్యల కోసం వెళ్ళే మన పిల్లల విషయం కూడ ఆలోచించాలి. వర్క్‌షాపులో చేయి వణికేవాడు, వైవాలో నోరు పెగలనివాడు సోమరి కాకపోవచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టి చదువు మాన్పిస్తే అతని జీవనోపాధియే పోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడ గుర్తించింది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు రాత్రింబవళ్ళు ఉచితంగా సలహా ఇస్తారు.

బీర్స్ గురువులు చేసిన సహాయానికి ధనం అవసరం కాలేదు. చెప్పినది విన్నారు, నమ్మారు, కొంత వెసులుబాటు ఇచ్చారు. విద్యార్థులారా, బాధను దాచుకోకండి. కళాశాల పెద్దలారా, చెప్పుకొనడానికి వచ్చినవానిని నమ్మండి.