తెర కోసం అన్నీ పణంగా పెట్టిన వెంకయ్య

పాత సినిమాను అది తీసిన చోటికే తీసుకెళ్లి, ఆరుబయట తెర కట్టి ఊరంతటికీ చూపిస్తే ఎంత బావుంటుంది! అమెరికాలో అలమో డ్రాఫ్ట్‌హౌస్ అనే సినిమాహాళ్ల సంస్థ 2000 తర్వాతి ఏళ్లలో 'రోలింగ్ రోడ్‌షో' పేరుతో ఇదే పని చేసింది. అయినా ఆరుబయట సినిమా మనకేం కొత్త కాదులెండి. పండగ పందిళ్ల దగ్గర తెల్లగుడ్డ కట్టి సినిమా వేస్తే, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని చాపమీద కూర్చుని చూసిన అమ్మమ్మలు కాశిబుగ్గలోనూ ఉంటారు, కాకినాడలోనూ ఉంటారు. సినిమాను డేరాలో పెట్టుకుని ఊరూరా తిప్పిన తొలితరం తెలుగువాడు రఘుపతి వెంకయ్య.

ఆయన 1869లో మచిలీపట్నంలో పుట్టారు. పదిహేడేళ్ల వయసులో మద్రాసు చేరి, ఫొటోగ్రఫీలో స్థిరపడి మౌంట్‌రోడ్డులో స్టూడియో నడిపారు. చేతినిండా పని, నలుగురిలో పేరు. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడేవారే. వెంకయ్యగారికి మాత్రం కదిలే బొమ్మ మీద మనసుపడింది.

అప్పట్లో సినిమాలు మూగవి. ఫ్రాన్సు నుంచి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం వచ్చింది. తెరమీద బొమ్మ ఆడుతుంటే పక్కన గ్రామఫోన్ రికార్డు తిరుగుతూ పాట వినిపించేది. దాని ఖరీదు సుమారు 30 వేల రూపాయలు. 1910 ప్రాంతంలో అదెంత సొమ్మో ఊహించుకోండి! కూడుపెట్టే స్టూడియోనే తాకట్టు పెట్టి ఆయన ఆ యంత్రం తెప్పించారు.

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శనలిచ్చారు. జనం విరగబడి చూశారు. ఆ తర్వాత డేరా, యంత్రం సర్దుకుని బెంగుళూరు, ఆంధ్ర ప్రాంతపు ఊళ్లు, కొలంబో, రంగూన్ దాకా తిరిగారు. హాలున్న పట్నానికి జనం రావడం కాదు, జనమున్న చోటికే తెర వెళ్లడం!

తిరిగొచ్చాక 1914లో గెయిటీ థియేటర్ కట్టించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన మొదటి సినిమాహాలు అదే. తర్వాత క్రౌన్, గ్లోబ్ కూడా వచ్చాయి. ఇక చూపించడమే కాదు, మనమే తీయాలనుకున్నారు. కొడుకు సూర్యప్రకాష్‌ను సినిమా విద్య నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. ఆయన వచ్చాక తండ్రీకొడుకులు 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' సంస్థ పెట్టి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. భీష్ముడు సూర్యప్రకాషే. మరి గంగ? సంసారపక్షం ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడమంటే ఊహకందని రోజులవి. పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి ఆ వేషం కట్టింది. తర్వాత 'సతీ సావిత్రి', 'లవకుశ' తీసిన సి.పుల్లయ్య సినిమా పని నేర్చుకున్నది ఈ సూర్యప్రకాష్ దగ్గరే.

పేరైతే వచ్చింది గానీ డబ్బు నిలవలేదు. నిర్మాణంలో నష్టాలు ముంచుకొచ్చి, కట్టించిన హాళ్లు చేజారాయి. ఒకప్పుడు మూడు థియేటర్లకు యజమాని అయిన మనిషి చివరి రోజులు ఇబ్బందుల్లోనే గడిచాయి. 1941లో కన్నుమూశారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేరిట అవార్డు నెలకొల్పింది. భానుమతి, విజయనిర్మల వంటివారు దాన్ని అందుకున్నారు. గంగ వేషానికి తెలుగింటి పిల్ల రాని పరిశ్రమలో, మెగాఫోన్ పట్టి దర్శకత్వం చేసిన ఆడవాళ్లకు ఆయన పేరుతోనే సత్కారం జరగడం విశేషం కదూ!

విక్టోరియా హాలు చెన్నైలో ఇంకా నిలబడే ఉంది. అక్కడ తెర కట్టి 'భీష్మ ప్రతిజ్ఞ' వేసుకుందామంటే మాత్రం వీల్లేదు. ఆ సినిమా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఊరూరా తెర మోసుకెళ్లిన మనిషికి, ఆ తెరమీద వేసుకోవడానికి తన సినిమానే లేకుండా పోయింది.