అకౌంట్ల ఆఫీసు నుంచి ఆకాశపు నీలం దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను సర్ సి.వి. రామన్ గారిని ఎంచుకున్నాను. నోబెల్ బహుమతి గ్రహీతగా ఆయన పేరు విననివారుండరు. కాని ఆయన కూడా మనలాగే ప్రభుత్వోద్యోగి అనీ, లెక్కల శాఖలో పదేళ్లు పనిచేశారనీ చాలామందికి తెలియదు. బిల్లులు, ఫైళ్ల మధ్యనే నా సర్వీసంతా గడిచింది కనుక, ఆ పదేళ్లే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి.

రామన్ గారు 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారికి విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక పదవి రావడంతో ఆయన బాల్యం మన బంగాళాఖాతం ఒడ్డునే గడిచింది. 11వ ఏట మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఎఫ్.ఎ. అక్కడే పూర్తిచేసి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. పై చదువుకు ఇంగ్లండు వెళ్లాలనుకుంటే, అక్కడి చలికి ఈయన శరీరం తట్టుకోదని డాక్టరు వద్దన్నారు. అప్పట్లో మన దేశంలో పరిశోధన చేసుకుని బతికే మార్గం లేదు. అందుచేత ఫైనాన్సు శాఖ పరీక్ష రాసి ప్రథముడిగా నెగ్గి, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు కూడా నిండలేదు.

మంచి హోదా, మంచి జీతం. ఇంకొకరైతే అంతటితో తృప్తిపడేవారు. ఈయన మాత్రం బౌబజారు వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే బోర్డు చూసి లోపలికి వెళ్లారు. 1876లో స్థాపించిన ఆ సంస్థలో ప్రయోగశాల ఉన్నా, వాడుకునేవారు లేరు. ఇక అక్కడినుంచి తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు ఆఫీసు, సాయంత్రం మళ్లీ ప్రయోగశాల. మధ్యలో రంగూనుకు, నాగపూరుకు బదిలీలు తప్పలేదు. అయినా ఆఫీసు పని చెడలేదు, పరిశోధన ఆగలేదు.

1917లో అశుతోష్ ముఖర్జీ గారి ఆహ్వానం మీద కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి స్వీకరించారు. అక్కడి జీతం ఇక్కడి జీతంలో దాదాపు సగమే. పదేళ్ల సర్వీసు, ముందున్న ప్రమోషన్లు వదులుకుని సగం జీతానికి వెళ్లడమంటే ఏమిటో పెన్షనర్లమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక నీలిరంగు సంగతి. సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. గాలిలోని అణువులు ఆ కాంతిని నలుదిక్కులకూ చెదరగొడతాయి. ఎరుపు కంటే నీలం సుమారు 4 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. అందుకే పగలు ఏ వైపు చూసినా ఆకాశం నీలంగా కనిపిస్తుంది. ఊదా ఇంకా ఎక్కువ చెదిరినా, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ, మన కంటికి అది ఆనేదీ తక్కువే. మైపాడులో సూర్యోదయం చూసినవారికి సముద్రం మీద ఎర్రటి బింబం గుర్తుండే ఉంటుంది. ఆ వేళ కాంతి గాలిలో చాలా దూరం ఏటవాలుగా రావాలి. దారిలోనే నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఇదంతా ఇంగ్లండులో లార్డ్ రేలీ 19వ శతాబ్దంలోనే వివరించారు. అయితే సముద్రపు నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబమని ఆయన భావించారు.

1921లో ఆక్స్‌ఫర్డు సమావేశానికి వెళ్లినప్పుడు రామన్ గారు ఓడమీదనుంచి మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. రేలీ మాటతో సరిపెట్టుకోలేదు. వెంట తెచ్చుకున్న నికోల్ పట్టకంతో, నీటిపై పడి తిరిగివచ్చే ఆకాశపు కాంతిని తొలగించి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చక్కగా కనిపించింది. నీటి అణువులు కూడా కాంతిని చెదరగొడతాయని తేల్చి, ఓడ బొంబాయి చేరగానే నేచర్ పత్రికకు రాశారు. నీరు ఎరుపును పీల్చుకోవడమే సముద్రపు నీలానికి ముఖ్య కారణమని ఇప్పటి శాస్త్రం చెబుతోంది. అయినా ప్రతిబింబమొక్కటే కాదన్న ఆయన మాట నిలిచింది. మన తీరాన ఒడ్డు దగ్గర ఒండ్రు కలిసి నీరు మట్టిరంగుగా ఉంటుంది, పెన్నకు వరదొస్తే మరీను. నీలం చూడాలంటే లోపలికి వెళ్లాలి.

ఆ ప్రశ్ననే పట్టుకుని 7 ఏళ్లు శ్రమించారు. 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్. కృష్ణన్ గారి సహకారంతో, చెదిరిన కాంతిలో కొంత భాగం రంగు మారుతుందని కనుగొన్నారు. అదే రామన్ ఫలితం. 1930లో నోబెల్ బహుమతి, 1954లో భారతరత్న లభించాయి. మన తెలుగువారైన సూరి భగవంతం గారు ఆయన శిష్యులే. రామన్ గారు 1970 నవంబరు 21న బెంగుళూరులో పరమపదించారు. 1987 నుంచి ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆకాశం నీలంగా ఎందుకుందని మనుమలు అడిగితే, దేవుడలా చేశాడని కసిరి పంపకండి. గాజుగ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో టార్చిలైటు వేసి చూపించండి. పక్కనుంచి చూస్తే నీలిఛాయ, ఎదురుగా చూస్తే ఎరుపుఛాయ కనిపిస్తాయి. రామన్ గారు ఆఫీసు వేళలు పోగా మిగిలిన సమయంలోనే ఇంత సాధించారు. మనకైతే ఇప్పుడు రోజంతా మన చేతిలోనే ఉంది.