దోమ గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

తాపీనది సముద్రమును చేరు సూరత్ ప్రాంతమున దోమల బెడద క్రొత్తది కాదు. సముద్రతీరములలో పోటునీరు నిలుచు ఉప్పు బురదనేలలందు పుట్టు దోమలు కొన్ని, ఊరి నీటిలో పుట్టునవి కొన్ని. ఉప్పునీట పెరిగి మలేరియాను మోయు జాతులును లోకమున కలవు. మగ్గములను నమ్ముకొని సూరత్ చేరిన తెలుగువారికిని, ఉద్యోగరీత్యా వచ్చినవారికిని దోమకాటు సమానమే. మలేరియా క్రిమి దోమ దేహమున పెరుగునని తొలుత ఋజువైనది తెలుగునాటనే. ఆ ఋజువు చూపినవాడు రోనాల్డ్ రాస్.

ఆయన 1857 మే 13న అల్మోరాలో సైనికాధికారి కుమారుడై జన్మించెను. మనసు కవిత్వముపై నున్నను, తండ్రి కోరికపై లండనులో వైద్యము చదివి, 1881లో ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశించెను. బెంగుళూరులో నున్నపుడు తన కిటికీచెంత తొట్టిలో దోమపిల్లలను చూచి, ఆ నీటిని పారబోయగా గదిలో దోమలు తగ్గెను. తక్కిన తొట్లనుగూడ బోర్లించుటకు పటాలపు అధికారి సమ్మతింపలేదు.

మలేరియాకు దోమతో సంబంధ ముండవచ్చునని 1894లో పాట్రిక్ మాన్సన్ ఆయనకు సూచించెను. మరుసటి యేడు సికింద్రాబాదు చేరి రాస్ పరిశోధన మారంభించెను. పరీక్షించినవి వేరుజాతి దోమలగుటచే శ్రమ ఫలింపలేదు. పంకా వీచిన దోమలు చెదరిపోవునని ఉక్కలోనే కూర్చుండెడివాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. హుసేన్‌ఖాన్ అను రోగి కాటుకొక అణా చొప్పున పుచ్చుకొని దోమలచే కరపించుకొనెను. 1897 ఆగస్టు 20న, ఆ రోగి రక్తము త్రాగిన చుక్కరెక్కల దోమ కడుపుగోడలో నల్లని రేణువులుగల కణములు కానవచ్చెను.

పని కొలిక్కి వచ్చు వేళ, సెప్టెంబరులోనే బదిలీ ఉత్తరువు వచ్చెను! రాజపుతానాలోని ఖేర్వారాలో ఆయన పరిశోధనకు తగిన రోగులు కరవైరి. బదిలీల బాధ నెరిగిన ఉద్యోగులకు ఆ వేదన వేరుగ చెప్పనక్కరలేదు. అయినను విసుగక పై అధికారులకు విన్నవించుకొనగా, 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు పంపిరి. అచట మహమ్మద్ బక్స్ తోడ్పాటుతో పక్షుల మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుద్వారా వ్యాపించునని జూలైలో నిరూపించెను. మానవుల విషయమున అదే సంగతిని ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు చూపిరి. ఘనత ఎవరిదను వివాదము ఆయనను చిరకాలము బాధించెను.

1902లో నోబెల్ బహుమానము లభించెను. తరువాత మారిషస్ మొదలగు చోట్లకు పోయి, నిలువనీటిని తొలగించుటే మలేరియాకు మందని బోధించెను. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము స్మారకముగా నిలిచియున్నది; ఆగస్టు 20 ప్రపంచ దోమల దినముగా వెలసినది. నాడు బెంగుళూరులో తొట్టి బోర్లించిన ఆ చిన్నపనియే నేడును ప్రతి యింటివారు చేయదగినది.