తక్కువ ఫీజు చదువుకు పరువు తెచ్చిన రాంరెడ్డి

పన్నెండో తరగతి ఫలితాలు రాగానే మా బడికి వచ్చే తల్లిదండ్రులు తప్పక అడిగే మాట ఒకటుంది. అమ్మాయిని ఓపెన్ యూనివర్సిటీలో చేర్పిస్తే ఆ డిగ్రీకి విలువ ఉంటుందా, మాస్టారూ అని. ఫీజు తక్కువ అనగానే చదువు కూడా తక్కువే అయి ఉంటుందన్న అనుమానం మనలో చాలామందికి ఉంది. ఆ అనుమానంతో ఏళ్ల తరబడి తలపడ్డ తెలుగు ప్రొఫెసర్ జి. రాంరెడ్డి.

ఆయన 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించారు, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేశారు. 1977లో అదే యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు.

1982లో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. దాన్ని నిలబెట్టే పని రాంరెడ్డి మీద పడింది. రోజూ కాలేజీకి వెళ్లక్కర్లేదు. అప్పట్లో ఇంటర్ సర్టిఫికెట్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పొలం పనులు చేసేవాళ్లకు, చిన్న ఉద్యోగులకు, పెళ్లితో చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు అది పెద్ద వరం. పెదవి విరిచినవాళ్లు కూడా తక్కువేమీ కాదు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. ఢిల్లీ యూనివర్సిటీ 1962లో మొదలుపెట్టిన కరస్పాండెన్స్ కోర్సుల బాటలో నడిచిన యూనివర్సిటీలు కొన్ని, తరగతిలో చెప్పే నోట్సునే అచ్చువేసి పోస్టులో పంపి చేతులు దులుపుకున్నాయి.

రాంరెడ్డి పట్టుబట్టింది ఇక్కడే. పాఠాన్ని ఒక్కరు రాసేసి పంపడం కాదు, ఒక బృందం కూర్చుని తయారుచేయాలి. పక్కన మాస్టారు లేకపోయినా అర్థమవ్వాలి. మధ్యమధ్యలో ప్రశ్నలుండాలి, విద్యార్థి తనను తాను పరీక్షించుకోవాలి. ఊళ్లలో అప్పటికే ఉన్న కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో సందేహాలు తీర్చే ఏర్పాటు చేశారు. పాఠాలు తెలుగులో వచ్చాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు డిగ్రీ పుస్తకం సొంత భాషలో దొరకడం ఎంత పెద్ద సంగతో, రాష్ట్రం బయట బడి నడుపుకొనే మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే చేరడం తేలికే గాని పాసవడం తేలిక కాదు. చేరి మధ్యలో మానేసినవాళ్లు ఎందరో. ఇంటి దగ్గర ఒంటరిగా చదవడానికి కావలసిన ఓపిక అందరికీ ఉండదు. ఆ లోటు నేటికీ తీరలేదనే మా అభిప్రాయం.

1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, తొలి వైస్ చాన్సలర్‌గా రాంరెడ్డినే పిలిచారు. 1987లో రెండంటే రెండు డిప్లొమాలతో, సుమారు 4,500 మందితో ఇగ్నో చదువు మొదలైంది. మంది కోసం తొందరపడలేదు.

1991లో ఆయన యూజీసీ అధ్యక్షులయ్యారు. హైదరాబాద్‌లో ఆయన నిలబెట్టిన యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టింది కూడా ఆ ఏడాదే. ఆయన యూజీసీలో ఉండగానే, 1994లో, కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ బెంగళూరులో ఏర్పడింది. తక్కువ ఫీజుదైనా ఎక్కువ ఫీజుదైనా ఒకే తక్కెడ. మరుసటి ఏడాది లండన్‌లో కన్నుమూశారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే.

తమాషా ఏమిటంటే, ఓపెన్ డిగ్రీ అంటే చిన్నచూపు చూసే రెగ్యులర్ కాలేజీ పిల్లలు కూడా గ్రూప్స్ పరీక్షలకు కూర్చునేటప్పుడు అంబేద్కర్ యూనివర్సిటీ తెలుగు పుస్తకాలే వెతుక్కుంటారు. మా స్టాఫ్ రూమ్ బీరువాలోనూ మూడున్నాయి. చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయాయి. అడిగిన తల్లిదండ్రులకు ముందు వాటిలో ఒకటి తీసి చేతికిస్తున్నాం.