ఐదు నిమిషాల లెక్క

మొన్న ల్యాబ్‌లో నా క్వెరీ ఎంతకీ కదల్లేదు. చదివిన పేజీలనే మళ్లీ మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకుంటోంది. విసుగొచ్చి వెతుకుతుంటే జిమ్ గ్రే గురించి తెలిసింది.

1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. బర్కిలీలో పీహెచ్‌డీ చేసి, ఐబీఎంలో సిస్టమ్ ఆర్ డేటాబేస్ మీద పనిచేశారు. 1987లో ఫ్రాంకో పుట్జోలుతో కలిసి డిస్క్ ఖర్చునీ మెమరీ ఖరీదునీ పక్కపక్కన పెట్టి లెక్క తేల్చారు: ఐదు నిమిషాలకోసారైనా వాడే పేజీ మెమరీలోనే ఉండాలి. 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

2007 జనవరి 28న అమ్మ చితాభస్మం కలపడానికి ఒంటరిగా పడవలో సముద్రంలోకి వెళ్లారు. వేలమంది ఉపగ్రహ చిత్రాలు జల్లెడ పట్టినా ఆచూకీ దొరకలేదు.

నేను బఫర్ సైజు పెంచాను. రెండోసారి క్వెరీ క్షణంలో వచ్చేసింది. ధరలు మారి ఆ ఐదు నిమిషాలూ మారిపోయాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇప్పటికీ ఆయనదే.